ఆముదంతో లేచిన చెయ్యి

మొన్న టార్నీట్‌లోని వాళ్ళ ఇంట్లో మా అమ్మాయి షారన్ సోఫాలో నా పక్కన కూర్చుని ఫోను నా కళ్ళ ముందు పెట్టింది. మనవరాలు హానాకి ఏడో పుట్టినరోజు వస్తోంది, మట్టి తవ్వే యంత్రం కావాలందట. ఉత్త ప్లాస్టిక్ బొమ్మ కాదు, నిజం యంత్రంలాగే నూనె ఒత్తిడితో చెయ్యెత్తేది, రిమోటుతో నడిచేది. ఫోనులో అలాంటివి ఎన్నో వరసగా దిగుతూనే ఉన్నాయి. "అమ్మా, నువ్వు హైడ్రాలిక్స్ పర్సన్‌వి కదా, నువ్వే పిక్ చెయ్యి," అంది. నేను కళ్ళజోడు సవరించుకుని, సిలిండరు మూత విప్పడానికి వీలుందా, లోపలి రబ్బరు రింగులు విడిగా దొరుకుతాయా అని అడిగాను. ఆ సంగతులేవీ అందులో రాయలేదు. ఎన్ని రోజుల్లో ఇంటికొస్తుందో మాత్రం పెద్ద అక్షరాలతో రాశారు. "విప్పడమెందుకమ్మా, పాడైతే రిటర్న్ ఇచ్చేస్తాం," అంది షారన్. దాని తప్పేమీ లేదు, ఇప్పటి వస్తువులతో అదే తెలివైన పని. నేను మాత్రం లేచి గరాజులోకి వెళ్ళాను.

సిడ్నీలో ఇల్లు ఖాళీ చేసి పిల్ల దగ్గరికి వచ్చేసినప్పుడు తెచ్చుకున్న అట్టపెట్టెల్లో ఇంకా విప్పనిది ఒకటుంది. దాన్ని తెరవగానే, పాత దిండు గలీబులో చుట్టి ఉన్న ఆ వస్తువు కంటే ముందు దాని వాసన పైకి లేచింది. ఆముదం వాసన. అంతే, సిడ్నీ వెస్ట్‌మీడ్‌లోని మా అద్దె ఫ్లాటు, బాల్కనీ, అక్కడ మంకీ క్యాపు పెట్టుకుని నిలబడ్డ మా మామగారు, అందరూ ఒక్కసారి నా మీదికి వచ్చేశారు. చాలాసేపు ఆ గలీబు విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మాకు పెళ్ళయి అది రెండో ఏడు. మా ఆయన సుధాకర్ అక్కడి ఆసుపత్రి లాబులో పనిచేసేవారు. నేను పాలకొల్లు వైపు నుంచి భౌతికశాస్త్రంలో డిగ్రీ పట్టుకుని వచ్చి, అక్కడ బియ్యం ఏ కొట్లో బాగుంటాయో తెలుసుకోవడంలో దాన్ని వాడుతున్నాను. అత్తగారు పోయాక మామగారు ఒంటరివారయ్యారని సుధాకర్ ఆయన్ని మా దగ్గరికి పిలిపించారు. ఆయన పేరు దేవసహాయం. గోదావరి కాలువల్లో పూడిక తీసే డ్రెడ్జర్లను బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. ఆయన పెట్టె తెరిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. బైబిలు, చింతకాయ పచ్చడి, రెండు ఆముదం సీసాలు, చెక్కపిడి ఉన్న ఒక ఆకురాయి, సుత్తితో కొట్టి లోహం మీద చుక్క వేసే సెంటర్ పంచ్, ఒక రేకు డబ్బా. ఆ డబ్బాలో సైకిలు వాల్వు ట్యూబులు చుట్టలు చుట్టి ఉన్నాయి. సైకిలు చక్రంలో గాలి బయటికి రాకుండా వాల్వు మీద తొడిగే సన్నటి రబ్బరు గొట్టం అది. ఈ దేశంలో అవి దొరుకుతాయో లేదోనని తెచ్చుకున్నారట. మా ఇంట్లో సైకిలే లేదు.

మా ఇళ్ళల్లో కోడలు మామగారి ముందు కుర్చీలో కూర్చోదు. ఆయన కూడా కోడలితో సూటిగా మాట్లాడరు. "కాస్త మంచినీళ్ళుంటే బాగుండు," అని గోడతో అంటే నేను తెచ్చి బల్ల మీద పెట్టి వెనక్కి జరిగేదాన్ని. మొదటి రెండు నెలలూ మా మధ్య నడిచిన సంభాషణ అంతా కలిపినా ఒక కార్డు ముక్క నిండదు. పొద్దున్నే ఆయన పైకి వినబడేలా ప్రార్థన చేసేవారు. ఊళ్ళో ఉన్నవాళ్ళనీ, పాత డ్రెడ్జరు డ్రైవర్లనీ పేరుపేరునా దేవుడికి గుర్తుచేసేవారు. తర్వాత ఆముదం. సీసా బిరడా చుట్టూ వాల్వు ట్యూబు బిగించి కట్టి ఉండేది. దాన్ని చుట్టుచుట్టుగా విప్పి, అరచేతిలో పోసుకుని నడినెత్తికి పెట్టి మర్దనా చేసుకునేవారు, మళ్ళీ ట్యూబు చుట్టేవారు. సుధాకర్ డ్యూటీకి వెళ్తూ వెళ్తూ కిటికీలన్నీ తెరిచేవారు. "నాన్నా, లిఫ్టులో కూడా వాసనొస్తోంది," అని సణిగేవారు. "మంచిదేరా, దారి తప్పకుండా ఇంటికొస్తావు," అనేవారు ఆయన.

మా బాల్కనీకి ఎదురుగా కొత్త ఫ్లాట్లకి పునాదులు తవ్వుతున్నారు. ఒక పసుపు ఎక్స్‌కవేటరు. మామగారు టిఫిను ముగించి అక్కడ నిలబడితే మళ్ళీ భోజనానికే లోపలికి వచ్చేవారు. శనివారం మధ్యాహ్నం నుంచి పని ఉండదు కాబట్టి ఆ పూట ఆయన మొహం వేలాడేది. ఒకరోజు టీ ఇవ్వడానికి వెళ్తే, ఆయన గోడతో కాకుండా నాతోనే మాట్లాడారు.

"చూడమ్మాయ్. మా డ్రెడ్జరుకి తాళ్ళు, గొలుసులు, కప్పీలు ఎన్నుండేవో. రోజూ ఏదో ఒకటి తెగేది. దీనికేమో ఒక్క తాడు లేదు. ఆ సన్నగొట్టంలో నూనె తోస్తోందంతే. లారీ తొట్టి లేవడం చూశాను గానీ, ఇది మనిషి చెయ్యిలాగే మెలికలు తిరుగుతోంది. భుజం, మోచెయ్యి, మణికట్టు. అన్నీ ఉన్నాయి దానికి."

నేను చదువుకున్నదే అది. నీళ్ళనైనా నూనెనైనా ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నివైపులకీ సమానంగా పాకుతుందని పరీక్షలో బొమ్మ గీసి రాశాను కూడా. కానీ ఆయన వేలు చూపించిన వైపు చూసేదాకా అది నిజమని నాకు తెలియదంటే నమ్మాలి. టన్నుల మట్టిని పట్టుకున్న ఆ చెయ్యి వణక్కుండా, తొణక్కుండా పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, లారీలోకి ఒంగింది. టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. "నూనె అణగదు కదండీ మావయ్యగారూ. గాలైతే అణుగుతుంది. నూనె అణగదు కాబట్టి ఇటు ఎంత తోస్తే అటు అంత లేస్తుంది," అన్నాను. ఆయన తిరిగి నా వైపు చూశారు. కోడలికి ఇలాంటి మాటలు కూడా వచ్చునా అన్నట్టు చూశారు. ఆ పూట నుంచి బాల్కనీలో రెండు కుర్చీలు వేసుకున్నాం.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పారమట్టా దగ్గర ఒక స్కూలు హాల్లో నమూనా యంత్రాల ప్రదర్శన ఉందని కరపత్రం వస్తే సుధాకర్ మమ్మల్నిద్దర్నీ అక్కడ దింపి వెళ్ళారు. రైళ్ళు, పడవలు, ఆవిరి ఇంజన్లు ఉన్నాయి. ఒక మూల ఇసుక పోసిన పెద్ద ట్రేలో మూరెడు పొడవున్న ఎక్స్‌కవేటరు తవ్వుతోంది. దాన్ని నడిపే మనిషి కాస్త దూరంలో స్టూలు మీద కూర్చుని, రెండు పుల్లలున్న రేడియో డబ్బా ఒళ్ళో పెట్టుకుని, బిస్కెట్టు తింటున్నాడు. పేరు కెన్. రిటైరైన మెకానిక్కు. మామగారు ఆ ట్రే పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. చర్చిలో తప్ప ఆయన అలా కూర్చోవడం నేను చూడలేదు. ఒళ్ళో పట్టేంత యంత్రంలో చిటికెన వేలంత ఇత్తడి సిలిండర్లు మెరుస్తూ బయటికీ లోపలికీ కదులుతున్నాయి. ఆయన ప్రశ్నలు నేను ఇంగ్లీషులో అడిగాను, కెన్ జవాబులు తెలుగులో చెప్పాను. మూడో ప్రశ్నకల్లా ప్రశ్నలు నావే అయిపోయాయి. కెన్ నవ్వి, "శనివారం ఆర్వో మా గరాజుకి రండి ఇద్దరూ," అన్నాడు. ఆర్వో అంటే మధ్యాహ్నమట.

అప్పట్లో అవి కొట్లో దొరికేవి కావు. కనీసం మాకు కనిపించలేదు. ఏది చేయాలో ఎంచుకోవడమంటే, ఏ కష్టాన్ని తలకెత్తుకోవాలో ఎంచుకోవడమే. కెన్ తన గరాజులో మాకు విడమరచి చెప్పాడు. మొదటిసారి చేసేవాళ్ళు తొట్టి లేపే లారీ చేసుకోవాలి, దానికి ఒక్క సిలిండరు చాలు. తర్వాత బుల్‌డోజరు. ఎక్స్‌కవేటరు జోలికి మూడో ఏడాది రావాలి. అసలు నూనె గొడవే లేకుండా మోటార్లు, మరలతో చెయ్యి లేపవచ్చు, చూసేవాళ్ళకి తేడా తెలియదు కూడా. నేను ఇదంతా చెప్తే మామగారు ఓపిగ్గా విని, "చూసేవాళ్ళ కోసం కాదు కదమ్మా. మా బాల్కనీలోంచి కనిపించేదే చేస్తామని చెప్పు," అన్నారు. చెప్పాను. కెన్ మామగారి అరచేతులు పట్టుకుని తిప్పి చూసి, అందులోని కాయలు చూసి, ఇక వాదించలేదు. తన పాత చిన్న పంపు, పుల్లలున్న రేడియో డబ్బా, ఒక డబ్బా సన్నటి హైడ్రాలిక్ ఆయిలూ మా చేతుల్లో పెట్టాడు.

మా వంటింటి గట్టుకి వైసు బిగించాం. ఒకవైపు పప్పు ఉడుకుతుంటే ఇంకోవైపు టంకం కరిగేది. ఇత్తడి గొట్టాలు ఆక్సా బ్లేడుతో కోయడం, ఉప్పుకాగితంతో లోపల నునుపు చేయడం, ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే నొక్కి వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి పట్టుకోవడం, అన్నీ ఆయన నేర్పారు. నేర్పానని ఎప్పుడూ అనలేదు. "ఇది కాస్త పట్టుకో," అనేవారు, పట్టుకున్నాక ఇంకో పనిమీద అటు వెళ్ళిపోయేవారు. అంటే చేయమని. నూనె కారకుండా పిస్టన్ల గాడిలో తొడగడానికి కెన్ ఇస్తానన్న రబ్బరు రింగులు వద్దని, రేకు డబ్బాలోంచి వాల్వు ట్యూబు తీసి ముక్కలు కోశారు. "ముప్పై అయిదేళ్ళు ఇదే వాడాను. ఒక్కటీ నన్ను మోసం చేయలేదు," అన్నారు. ఆ రబ్బరంటే ఆయనకి అంత నమ్మకం.

వాళ్ళ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేదట. ఏ ముక్క చేసినా, మూత బిగించే ముందు, బయటికి కనబడని లోపలి వైపున చేసినవాడి గుర్తు కొట్టాలి. రేపు అది పాడై తిరిగొస్తే ఎవరి పనో తెలియడానికి. చదువు రానివాళ్ళకి చుక్కలు, గీతలు. వచ్చినవాళ్ళకి అక్షరం. ఎవరి గుర్తు వాళ్ళు వేసుకోవడానికి లేదు, ఫోర్‌మనే కొట్టాలి. కొత్తగా చేరినవాడు ఎంత బాగా చేసినా దాని మీద ఫోర్‌మన్ గుర్తే పడేది. ఎప్పుడో ఒకరోజు వాడి సొంత గుర్తు కొడితే, వాడు ఫిట్టరు అయినట్టు. మామగారి గుర్తు మూడు చుక్కలు. ఆయన పనిలో చేరేనాటికి అక్షరాలు రావు, తర్వాత బైబిలు చదవడానికి నేర్చుకున్నారు, గుర్తు మాత్రం మార్చుకోలేదు. మా మూడు సిలిండర్ల పిస్టన్ల మీదా సెంటర్ పంచ్‌తో మూడేసి చుక్కలు కొట్టారు. అందులో రెండు నేను ఆకురాయి పట్టినవి. నేను ఇత్తడి పొట్టు ఊడ్చాను. మనసులో మాత్రం కాస్త చివుక్కుమంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో రెండు ఫారాలు ఫ్రిజ్ మీద ఉండేవి. ఒకటి సుధాకర్ తెచ్చింది, ఆసుపత్రిలో లాబు అసిస్టెంటు కోర్సుకి. రెండోది కెన్ ఇచ్చింది, టెక్నికల్ కాలేజీలో ఫిట్టింగు, మెషీన్ పని కోర్సుకి. నాకు ఏది కావాలో ఆ ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ తెలిసేది. కానీ సుధాకర్ ఒప్పుకోవాలి, సుధాకర్ తండ్రి మాట దాటరు. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి, మీరు ఒక మాట చెప్పండి అని మామగారిని అడిగాను. ఆయన ఆకురాయి ఆపకుండానే, "ఆడపిల్లకి ఈ గ్రీజు బతుకెందుకమ్మా. లాబులో తెల్లకోటు వేసుకుని శుభ్రంగా ఉండొచ్చు," అన్నారు. నా చేతుల నిండా అప్పటికే గ్రీజుంది. వంటింట్లోకి తిరిగి అంట్లు తోముతూ ఏడ్చాను.

ఆ నెల మా ఫ్లాటులో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. ప్రార్థనా భోజనాలూ అయ్యాక, అంకుళ్ళూ ఆంటీలూ అందరూ ఉండగా మామగారు యంత్రాన్ని బల్ల మీదికి తెచ్చారు. పదిహేను రోజులుగా లోపల కెన్ ఇచ్చిన నూనె ఉంది, అంతకుముందు రెండుసార్లు చెయ్యి చక్కగా లేచింది. ఆ రోజు సగం లేచి ఆగిపోయింది. మామగారు రేడియో డబ్బా పుల్ల ఇంకా ముందుకు తోయమన్నారు, తోశాను. పంపు గుర్రుమంది. ఒక గొట్టం ఊడి, నూనె సన్నటి ధారగా లేచి, ఒక ఆంటీ పట్టుచీర మీదా, పక్కన ఉన్న సేమ్యా పాయసం గిన్నెలోనూ పడింది. అందరూ మర్యాదగా గుడ్డలు అందించారు. అది ఇంకా ఘోరం. అందరూ వెళ్ళాక సుధాకర్ మామూలు గొంతుతోనే, "నాన్నా, టైమ్‌పాస్‌కి ఓకే. సుగుణా, ఆ లాబు ఫారం ఫ్రైడేలోపు ఇచ్చెయ్యాలి, ఫిలప్ చెయ్యి," అన్నారు. మామగారు యంత్రం మీద తువ్వాలు కప్పి గదిలోకి వెళ్ళిపోయారు. మర్నాడు ఆయన బాల్కనీలోకి రాలేదు. ఎదురుగా పసుపు యంత్రం తవ్వుతూనే ఉంది.

నేనే విప్పి చూశాను. లోపల పిస్టను మీది రబ్బరు, నానబెట్టిన మినప్పప్పులా ఉబ్బి, సిలిండరు గోడలకి అదుముకుపోయింది. బలవంతంగా తోయడంతో పిస్టను అంచు కూడా గీసుకుపోయింది. ముప్పై అయిదేళ్ళు మోసం చేయని రబ్బరు ఇక్కడెందుకు చేసింది? రెండ్రోజులు అదే ఆలోచన. మూడో రోజు పొద్దున ఎప్పటిలాగే ఆముదం సీసా అందిస్తుంటే నా చెయ్యి బిరడా చుట్టూ ఉన్న వాల్వు ట్యూబు మీద పడింది. జిడ్డుగా ఉంది. ఊరి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ, నెలల తరబడి, ఆ ట్యూబు ఆముదంలో నానుతూనే ఉంది. అయినా ఉబ్బలేదు, మెత్తబడలేదు, లాగి వదిలితే టప్పున వెనక్కి వస్తోంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. "ఏమ్మా, కళ్ళు తిరిగాయా?" అన్నారు మామగారు కంగారుగా. "లేదండీ మావయ్యగారూ. తప్పు రబ్బరుది కాదు. నూనెది," అన్నాను.

రెండు స్టీలు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో కెన్ నూనె, ఇంకోదాంట్లో ఆముదం పోసి, ఒకే ట్యూబు నుంచి కోసిన ముక్కలు వేసి బాల్కనీలో పెట్టాను. శుక్రవారానికి మొదటి గ్లాసులోది ఉబ్బి జలగలా అయింది. రెండోది వేసినట్టే ఉంది. కెన్‌కి చూపిస్తే తల గోక్కుని, తను పనిలో చేరిన కాలంలో కార్ల బ్రేకుల్లో ఆముదం కలిపిన నూనే పోసేవాళ్ళమని, ఆ రబ్బరుకి అదే సరిపడేదని గుర్తుచేసుకున్నాడు. "ఎవరు కనిపెట్టారిది?" అని అడిగాడు. మామగారికి ఆ ఇంగ్లీషు అర్థమైందో లేదో తెలియదు. రెండు ముక్కలూ చెరో వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూసి, "ఊఁ," అన్నారు. తర్వాత నాతో, "భుజం పిస్టను కొత్తది కావాలి. బరువంతా దాని మీదే. నాకు చూపు ఆనడం లేదు. నువ్వు చెయ్యి," అన్నారు. లాబు ఫారం శుక్రవారం ఇవ్వలేదు. గడువు వారం పొడిగించారని సుధాకర్‌తో అబద్ధం చెప్పాను. దేవుడు క్షమించాడనుకుంటాను.

కెన్ గరాజులో లేతు మెషీను మీద ఆ పిస్టను నేనే తిప్పి చెక్కాను. మూడు చెడగొట్టాను, నాలుగోది వచ్చింది. మామగారు దాన్ని బొటనవేలి గోటితో చుట్టూ నిమిరి చూశారు. కొలత పరికరాలు పక్కనే ఉన్నా ఆయన గోటినే నమ్మేవారు. జేబు రుమాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చారు. మూత బిగించే పని మాత్రం ఎప్పుడూ ఆయనదే. "నువ్వెళ్ళి టీ పెట్టమ్మా," అన్నారు. నీళ్ళు మరుగుతుంటే ఇవతలి గదిలోంచి సెంటర్ పంచ్ మీద సుత్తి దెబ్బలు వినిపించాయి. టక్. టక్. టక్. ఆగలేదు, ఇంకా పడుతూనే ఉన్నాయి. పాపం చూపు ఆనక తప్పు చోట పడుతున్నట్టున్నాయి అనుకున్నాను. టీ తీసుకెళ్ళేసరికి మూతకి టంకం పెట్టేసి, చేతులు తుడుచుకుంటున్నారు. "ఇక దీన్ని విప్పొద్దు. నడిచేదాన్ని విప్పకూడదు," అన్నారు.

తర్వాతి ప్రదర్శనకి మమ్మల్ని కూడా బల్ల పెట్టుకోమన్నారు. బల్ల మీద పెట్టే కార్డులో చేసినవారి పేరు రాయాలి. మామగారు అటు తిరిగి ఇసుక చదును చేస్తున్నారు. నేను ఆయన పేరు రాశాను. ఆ రోజు చలికి, కెన్ నూనెకి బదులు మేం పోసిన ఆముదం చిక్కబడింది. పుల్ల కదిపితే ఏమీ కాలేదు. అప్పుడు, ఎంత నెమ్మదిగానో, చెయ్యి లేవడం మొదలైంది. పక్క బల్లల మీది యంత్రాలు పల్చటి నూనెతో చటుక్కున లేచి చటుక్కున పడుతుంటే, మాది బాల్కనీ ఎదుట ఉన్న అసలు యంత్రంలాగే బరువు తెలిసినట్టు లేచింది. భుజం, మోచెయ్యి, మణికట్టు. ఇసుక నిండిన తొట్టిని పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, ఒంగింది. చిన్న మోటారు వేడికి ఆముదం వాసన మెల్లగా అంతటా పరుచుకుంది. సుధాకర్ జనం వెనక నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నారు. తర్వాత చప్పట్లు కొట్టారు, కెన్ అందరికంటే గట్టిగా. మామగారి కళ్ళల్లో నీళ్ళు తిరగడం అప్పుడు చూశాను. నేనూ ఆపుకోలేకపోయాను. సైకిలు రబ్బరు, తలకి రాసుకునే నూనె, ఒక పెద్దాయన మొండితనం కలిస్తే అంత బరువు లేచిందే అని ఈనాటికీ ఆశ్చర్యపోతాను.

కారులో ఇంటికి వస్తూ ముందు సీట్లోంచి ఆయన, "ఒరే, ఆ ఫ్రిజ్ మీద కెన్ ఇచ్చిన ఫారం ఉంది. రేపు అమ్మాయి చేత పూర్తి చేయించి కాలేజీలో ఇయ్యి," అన్నారు. సుధాకర్, "సరే నాన్నా," అన్నారు. అంతే. నా జీవితం అటు తిరిగింది. క్లాసులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఆ తర్వాత చెత్త లారీల నుంచి ఆసుపత్రి మంచాల దాకా నూనెతో లేచేవాటిని ఎన్నిటిని బాగుచేశానో లెక్కలేదు. చివరి పదేళ్ళు పాఠాలు కూడా చెప్పాను. ఇంటికొచ్చినవాళ్ళు అలమారలోని ఎక్స్‌కవేటరు చూసి ఎవరు చేశారని అడిగితే, మా మామగారు అని చెప్పేదాన్ని. ఆయన పోయాక కూడా అదే చెప్పాను. కానీ ఒక ముల్లు లోపలే ఉండిపోయింది. వంటింట్లో అడిగితే కాదన్న మనిషి, హాలు నిండా తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టాక అవునన్నారు. ఊరందరికీ కనిపించాక గానీ నేను ఆయనకి కనిపించలేదని అనుకున్నాను. ఆయన్ని ఎంత ప్రేమించానో, ఆ ఒక్క విషయంలో అంత నొచ్చుకున్నాను. ముప్పై ఏళ్ళకి పైగా.

ఆఖరికి గలీబు విప్పాక, నన్ను వెతుక్కుంటూ వచ్చిన హానా దాని చుట్టూ తిరిగి, చెయ్యి పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు. ఆముదం ఏళ్ళ తరబడి ఉండి లోపల జిగురులా బిగుసుకుపోయింది. "కెన్ యు ఫిక్స్ ఇట్, అమ్మమ్మా?" అంది. నడిచేదాన్ని విప్పొద్దన్నారు గానీ, నడవనిదాన్ని విప్పొద్దనలేదుగా. షారన్ గరాజులో బల్ల వేసుకున్నాం. భుజం సిలిండరు ఊడదీసి, మూత దగ్గరి టంకాన్ని వేడిచేసి కరిగించాను. వేడినీళ్ళలో పెట్టి, మెల్లగా లాగితే పిస్టను తేనెలోంచి వచ్చినట్టు వచ్చింది. వాల్వు ట్యూబు ముక్క దాని మీద ఇంకా ఉంది. గుడ్డతో పిస్టను లోపలి వైపు తుడిచాను. మూడు చుక్కల కోసం చూశాను.

మూడు చుక్కలు లేవు. వరసగా, దగ్గర దగ్గరగా, కొన్ని కాస్త పక్కకి జరిగి, చాలా చుక్కలున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే అవన్నీ కలిసి ఒక అక్షరం అయ్యాయి. సు. ఇంకేమీ లేదు. ఆయన గుర్తు ఎక్కడా లేదు. ఎన్నిసార్లు తిప్పి చూశానో. టీ నీళ్ళు మరుగుతుండగా విన్న దెబ్బలు ఇవే. చూపు ఆనని మనిషి, గోరంత ఇత్తడి మీద, చుక్క పక్కన చుక్క పెట్టి సుగుణ అనే నా పేరు మొదటి అక్షరం కొట్టారు. అప్పటికి ప్రదర్శన ఇంకా జరగలేదు. చప్పట్లు లేవు. హాల్లో ఎవరూ నన్ను చూడలేదు. ఆ పద్ధతిలో కొట్టినవారు చెప్పరు, విప్పినవాళ్ళకే తెలుస్తుంది. నేను మాత్రం ఆయన మాట మీద గౌరవంతో ఇన్నేళ్ళూ విప్పకుండా, ఆయన మీద నొచ్చుకుంటూ బతికాను. అక్కడే కుర్చీలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

హానా భయపడి, "ఈజ్ ఇట్ బ్రోకెన్?" అంది. కాదన్నాను. దగ్గరికొచ్చి నా భుజం మీదుగా భూతద్దంలోంచి చూసింది. తెలుగు అక్షరాలు దానికి రావు, చుక్కలు బాగున్నాయంది. తర్వాత ఆ పిస్టను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తూ, "హూ మేడ్ దిస్?" అని అడిగింది.

"నేనే," అన్నాను.